చివరి మడిలో ఎండ

కలప డిపో, నాణ్యత పరీక్ష షెడ్డు
జూన్ 9

బావగారికి,

నమస్కారం. ఈ చేతిరాత చూడగానే కవరు పక్కన పడేయకుండా చదువుతారని ఆశ. ఇరవై రెండేళ్ళ తర్వాత రాస్తున్నాను కాబట్టి కుశల ప్రశ్నలతో మొదలుపెడితే మీకూ నవ్వొస్తుంది, నాకూ నవ్వొస్తుంది. నేరుగా విషయానికొస్తాను.

మీ పరిశోధన తోటలో తూర్పు బ్లాకు పైన్ చెట్లను వానలు తగ్గాక కొట్టేస్తారని మా డిపోకి నోటీసు వచ్చింది. నాటిన సంవత్సరం చూడగానే నా చేతులు ఆగిపోయాయి. అవి నేను విత్తనం నుంచి పెంచిన చెట్లు. ఆ కథ మీకు తెలియనిది కాదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇన్నేళ్ళలో మీరు దాన్ని ఎలా గుర్తు పెట్టుకున్నారో నాకు తెలియదు.

నేను ఆ తోటలో ఉద్యోగం చేసే రోజుల్లో నాలుగు మడులు వేశాం. మొదటి మడికి పందిరి లేదు, పూర్తి ఎండ. రెండోదానికి చెక్క బద్దలు దూరదూరంగా, మూడోదానికి దగ్గరగా. చివరి మడికి బద్దలు ఒకదాన్నొకటి తగిలేలా పరిచి, పైన నల్లగుడ్డ కప్పాం. ఎండ తగ్గేకొద్దీ పైన్ మొక్క ఏమవుతుందో చూడడమే మన పని. నెలకోసారి ప్రతి మొక్క ఎత్తు, మొదట్లో కాండం లావు, సూదాకుల సంఖ్య నేను నోటుబుక్కులో రాసేవాణ్ణి. చివరి మడి మొక్కలు మొదటి ఏడు అనుకున్నట్టే సన్నగా, పాలిపోయి, వెలుగు కోసం మెడ చాచినట్టు సాగాయి. కొన్ని చచ్చిపోయాయి కూడా. రెండో ఏడు ఉన్నట్టుండి మిగిలినవి లావెక్కడం మొదలుపెట్టాయి. పందిరి సరిగ్గా ఉందా అని మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. "రోజూ చూస్తున్నానయ్యా, చీమ దూరే సందు కూడా లేదు" అన్నారు. సరే అనుకుని కొలబద్ద ఏం చూపిస్తే అదే రాశాను.

నాలుగో ఏడు తనిఖీ కమిటీ వచ్చింది. అంత చీకట్లో పైన్ లావెక్కడం ఎక్కడా లేదు, ఈ మనిషి కుర్చీలో కూర్చుని అంకెలు పుట్టించాడు అని తేల్చింది. అప్పటికే మొక్కల్ని పందిళ్ళ కింద నుంచి తీసి తూర్పు బ్లాకులో నాటేశాం. ఆరుబయట ఎండకి అన్నీ ఒకేలా ఉన్నాయి. చూపించడానికి నా దగ్గర నోటుబుక్కు తప్ప ఇంకేమీ లేకపోయింది. ఉద్యోగం పోయింది. అది పోతే పోయింది, అక్క కూడా దూరమైంది; తను నా మొహం చూడనందని మీరే వచ్చి చెప్పారు. తనకి రెండు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఇప్పుడు మీ తోట యాభై ఏళ్ళ పనినంతా ఒక పుస్తకంగా వేస్తోందట. అందులో నా పేరు పక్కన "కల్పిత అంకెలు, పరిగణించరాదు" అని ఉంటుందట. మీ కొత్త డైరెక్టరుగారికి రాశాను. ఆవిడ మర్యాదగానే జవాబిచ్చారు. రుజువు తెస్తే పుస్తకం అచ్చుకి వెళ్ళేలోగా ఆ మాట తీసేస్తామన్నారు.

రుజువు చెట్టులోనే ఉంది. చివరి మడి మొక్కలు నాటిన చివరి వరసలో ఏ చెట్టునైనా నేల మట్టానికి కోయించి, మొదట్లోంచి అడ్డంగా కోసిన ఒక గుండ్రటి బిళ్ళ పంపండి. ఇంతకంటే మిమ్మల్ని ఏమీ అడగను.

ఇట్లు,
మీ బావమరిది


పరిశోధన తోట క్వార్టర్లు
జూన్ 21

చిరంజీవి కొలబద్దకు,

ఏమయ్యా, ఇరవై రెండేళ్ళకి గుర్తొచ్చానా? గుర్తొచ్చి కూడా ఆరోగ్యం ఎలా ఉంది అని అడగకుండా చెక్క ముక్క అడిగావు. నువ్వు మారలేదు. పెళ్ళిలో నా పక్కన నిలబడి, బావ నాకంటే అంగుళమున్నర పొట్టి అని అందరికీ వినపడేలా చెప్పినవాడివి కదా. "గారు", "మీరు" అంటూ రాస్తే ఎవరో ఆఫీసరుకి రాసినట్టుంది. ఆ అలవాటు మానుకో.

నేను బాగానే ఉన్నాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. వచ్చే మార్చిలో రిటైరవుతాను. తోట సూపర్‌వైజరుగా చేరినవాణ్ణి అలాగే దిగిపోతున్నాను, పైకీ వెళ్ళలేదు, కిందికీ పడలేదు. మీ అక్క పదిహేనేళ్ళ నుంచి ఇక్కడే విత్తనాల గదిలో పని చేస్తోంది. కాయలు ఆరబెట్టడం, గింజలు దులపడం, చీటీలు రాయడం, అన్నీ తన చేతి మీదుగానే. డైరెక్టరమ్మకి మీ అక్క మాటంటే గురి.

చెట్ల సంగతి. ఇప్పుడు వానలు ఒళ్ళు తెలియకుండా కురుస్తున్నాయి, తూర్పు బ్లాకులోకి రంపం మోసుకెళ్ళే మనిషే దొరకడం లేదు. వరసల నంబర్లు వేసిన రేకులు ఎప్పుడో తుప్పుపట్టి రాలిపోయాయి. ఏది చివరి వరసో నాకే అనుమానం. చూద్దాం.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. పాతది తవ్వి ఏం బావుకుంటావు? ఆ పుస్తకం ఎవరు చదువుతారు చెప్పు. అట్ట మీద దుమ్ము దులపడానికి కూడా మనిషిని పెట్టుకోవాలి. మీ అక్క విషయం అంటావా, ఇంకా కోపంగానే ఉంది. నీ పేరెత్తితే లేచి వెళ్ళిపోతుంది. నీ ఉత్తరాలు రెండూ విప్పకుండానే చించేసింది. నేనేం దాచను. ఒకసారి మాత్రం అంది, "వాడు నోరు తెరిచి తప్పు చేశానని ఒక్క మాట ఒప్పుకుంటే చాలు, అన్నీ మర్చిపోతాను" అని. నీకు తెలుసుగా తన మొండితనం. నీకంటే ఒక ఆకు ఎక్కువే చదివింది.

నీ
బావ


కలప డిపో
జూలై 4

బావా,

సరే, "గారు" తీసేశాను. పెళ్ళిలో అన్నది అంగుళమున్నర కాదు, అంగుళంపావు.

అక్క మాట చదివి రెండు రోజులు పని సరిగ్గా చేయలేదు. బోర్డుల మీద తప్పు ముద్రలు వేశాను. మూడో రకం చెక్కకి మొదటి రకం ముద్ర పడితే మా మేస్త్రి నన్ను చూసిన చూపు నువ్వు చూడాల్సింది. నేను చేయని తప్పు ఒప్పుకుంటే అక్క మాట్లాడుతుందన్నమాట. నన్ను చిన్నప్పుడు తన సైకిలు వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి నా గురించి ఆ మాట నమ్మేసింది. కమిటీ అన్న మాటకి నాకు కోపం వచ్చింది. ఇది మాత్రం వేరు, దీనికి ఏడుపొస్తుంది. ఎవరితోనూ అనలేదు, నీకు రాస్తున్నాను.

వరసల రేకులు లేకపోతే ఫరవాలేదు. చివరి వరస ఏదో చెట్టే చెప్తుంది. నేను ఇక్కడ చేసే పని అదే బావా. రోజుకి మూడు నాలుగు వందల పలకలు నా ముందు నుంచి వెళ్తాయి. ప్రతి పలకలో ఆ చెట్టు ఎంత ఎండ తిన్నదో కనిపిస్తుంది. ఒంటరిగా ఎండలో పెరిగిన పైన్‌కి కింద దాకా కొమ్మలు నిలుస్తాయి కాబట్టి పలక నిండా ముడులు. గుంపులో పెరిగినదానికి నీడ పడిన కింది కొమ్మలు ఎండి రాలిపోతాయి, చెక్క నున్నగా వస్తుంది. అంచున నిలబడినదానికి వెలుగొచ్చే వైపే కొమ్మలు, ఆ వైపే ముడులు. వెలుగు బాగా ఉన్న ఏడు వలయం వెడల్పుగా ఉంటుంది, చీకటి ఏడు వెంట్రుకంత. ఇవన్నీ నీకు చెప్పడం తాతకి దగ్గులు నేర్పినట్టే అనుకో. అయినా రాస్తున్నాను, చదివేవాడు ఉన్నాడన్న సంతోషం.

కాబట్టి లెక్క ఇది. చివరి మడి చెట్టుని నేల మట్టానికి కోస్తే, నట్టనడుమ మొదటి వలయం వెంట్రుకంత ఉండాలి. అది చీకటి ఏడు. రెండోది, మూడోది వెడల్పుగా ఉంటే నేను కొలిచింది నిజం. అవీ వెంట్రుకంతే ఉంటే నేను అబద్ధాలకోరుని. అప్పుడు అక్క కాళ్ళ మీద పడి ఒప్పుకుంటాను. నా పరువంతా ఆ బొటనవేలంత చోటులో ఉంది.

పుస్తకం సెప్టెంబరు ఆఖరుకి అచ్చుకి వెళ్తుందట. త్వరగా పంపు.

కొలబద్ద


పరిశోధన తోట క్వార్టర్లు
ఆగస్టు 2

కొలబద్దా,

నువ్వు అడిగిన బిళ్ళ ఈ పార్సెలులో ఉంది. నా ముందే కోయించాను, చివరి వరసదే. నువ్వే చూసుకో. వలయాలు మొదటి నుంచి చివరిదాకా వెంట్రుకలే, భూతద్దం పెట్టినా కలిసిపోతున్నాయి. నాకు మాత్రం బాధగా లేదా? కానీ చెట్టు చెప్పాక ఇంకేముంది. అప్పట్లో చిన్నవాడివి, పని ఒత్తిడి, ఎక్కడో లెక్క తప్పి ఉంటావు. ఇక్కడితో వదిలేయ్.

ఒంట్లో జాగ్రత్త. ఆ రంపపు పొడి పీల్చకు, ముక్కుకి గుడ్డ కట్టుకో.

బావ


కలప డిపో
ఆగస్టు 11

బావా,

పార్సెలు విప్పి ముందు వాసన చూశాను. పైన్ వాసన లేదు. తడిపి భూతద్దం కింద పెట్టాను. పైన్ చెక్కలో జిగురు నాళాలు చుక్కచుక్కలుగా కనిపించాలి, ఒక్కటీ లేదు. తర్వాత వలయాలు లెక్కపెట్టాను, మూడుసార్లు. నలభై ఒకటి వచ్చాయి.

మన బ్లాకు వయసు ఇరవై ఆరు. నువ్వు పంపిన బిళ్ళ వయసు నలభై ఒకటి. ముప్పై ఏళ్ళు చెట్ల మధ్య తిరిగినవాడివి, అబద్ధం ఆడాలనుకున్నప్పుడు కనీసం లెక్కపెట్టుకోవాలి కదయ్యా.

ఇది ఫర్ చెట్టుది, పైన్‌కి దగ్గర చుట్టం. పంపు షెడ్డు వెనక పెద్ద చెట్ల కింద నడుమెత్తు దాటకుండా నిలబడి ఉండేవి చూడు, వాటిలో ఒకటి. ఆ జాతికి నీడలో ఓపిక పట్టడం తెలుసు. నలభై ఏళ్ళు చీకట్లో ఉన్నా ఏటా వెంట్రుకంత పెరుగుతూ, పైన ఎప్పుడు సందు దొరుకుతుందా అని కాచుకుని కూర్చుంటుంది. పైన్‌కి ఆ ఓపిక లేదు. అంత నీడలో పడేస్తే నాలుగైదేళ్ళకి మించి బతకదు. నేను చూడగానే పట్టేస్తానని నీకు తెలుసు. తెలిసీ పంపావంటే నీకు అంత కంగారు ఎందుకొచ్చింది?

మొన్నటిదాకా నీది ఏదో బద్ధకం అనుకున్నాను. ఇప్పుడు అర్థమవుతోంది, నువ్వు దాస్తున్నావు. ఇక నిన్ను అడగను. వచ్చే నెల మొదటివారంలో సెలవు పెట్టి నేనే వస్తున్నాను. ముందు మీ ఇంటికే వస్తాను. అక్క నా మొహం మీద తలుపు వేసినా సరే, గుమ్మం బయట నిలబడి తనతో పది నిమిషాలు మాట్లాడతాను. తర్వాత రంపం నేనే పట్టుకుంటాను.

బావమరిది


పరిశోధన తోట క్వార్టర్లు
ఆగస్టు 17

బంగారు తండ్రీ,

రావద్దు. కాళ్ళా వేళ్ళా పడి రాస్తున్నాననుకో. ముందు ఇది చదువు, తర్వాత నీ ఇష్టం.

ఆ చివరి మడి పందిరి తీసింది మీ అక్క.

మొదటి ఏడు చివర్లో నువ్వు మా ఇంట్లో భోజనం చేస్తూ అన్నావు, "చివరి మడిలో పన్నెండు చచ్చిపోయాయి, ఇలాగే పోతే నా పని అయిపోయినట్టే" అని. నువ్వు నవ్వుతూ అన్నావు, తను నిజమనుకుంది. మొక్కలు చచ్చిపోతే తమ్ముడి ఉద్యోగం పోతుందని బెంగ పెట్టుకుంది. చావడం కూడా మనం చూడాల్సిన ఫలితమేనని తనకెవరు చెప్పారు? మధ్యాహ్నం నువ్వు కొండ మీది బ్లాకులకి వెళ్ళగానే, మేకుకి వేలాడుతున్న తాళంచెవి తీసుకుని వెళ్ళేది. మొదట ఒక్క బద్ద పక్కకి జరిపేదట. పది రోజులకి రెండు. తర్వాత నల్లగుడ్డ సగం మడిచేది. రెండు గంటలు ఎండ తగలనిచ్చి, నువ్వు వచ్చేలోగా మళ్ళీ ఎక్కడివక్కడ సర్దేసేది. రెండేళ్ళు అలా చేసింది. నువ్వు కొలిచిందంతా నిజమే. ఒక్క అంకె కూడా తప్పు కాదు.

నాకు తెలిసేసరికి కమిటీ వచ్చి కూర్చుంది. చెప్తే మీ అక్కని నలుగురి ముందు నిలబెడతారు. నోరు మూసుకున్నాను.

తనకి ఈ రోజుకీ తెలియదు. తమ్ముడి మొక్కల్ని బతికించాననే అనుకుంటోంది. ఆ బిళ్ళ బయటికొస్తే ఎండ ఎలా వచ్చింది, ఎవరు తీశారు అని అడగరా? తన చేతులతోనే నీ బతుకు పాడైందని తెలిస్తే తట్టుకుంటుందా? నువ్వే చెప్పు. నేను చేసింది తప్పే. నీకు చేసిన అన్యాయానికి నన్ను ఏమన్నా పడతాను. తనని మాత్రం వదిలేయ్.

బావ


కలప డిపో
సెప్టెంబరు 8

బావా,

మూడు వారాలు పట్టింది జవాబు రాయడానికి. మధ్యలో రెండు రాసి చించేశాను. వాటిలో నిన్ను తిట్టిన తిట్లు బాగానే కుదిరాయి, పోనీలే.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఏమిటో తెలుసా? అక్క చేసిన పద్ధతి. నీడలో పెరిగిన మొక్కని ఒక్కసారిగా ఎండలో పెడితే సూదులు మాడి ఎర్రబడిపోతాయి. అలా మాడి ఉంటే నాకు ఆ రోజే తెలిసిపోయేది, పందిరి ఎవరో తీశారని. అక్క ఒక్కో బద్ద జరుపుతూ, మొక్కకి అలవాటు చేస్తూ వచ్చింది. ఏ పుస్తకమూ చదవకుండా, చదివినవాళ్ళకంటే శుభ్రంగా చేసింది. అందుకే నేను పట్టుకోలేకపోయాను. ఆ రెండేళ్ళలో ఒక్క మధ్యాహ్నం కొండ మీద నుంచి తొందరగా దిగొచ్చి ఉంటే సరిపోయేది. భోజనం దగ్గర ఆ పాడు జోకు వేయకపోయినా సరిపోయేది.

డైరెక్టరుగారికి రాసేశాను, నా దగ్గర రుజువేమీ లేదు, నా అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని. రేపు పొద్దున అక్కకి కూడా ఒకటి రాసి పోస్టు చేస్తాను. తనకి కావలసిన మాటే రాస్తాను. చెట్లు కొట్టించేయండి. బిళ్ళ అక్కర్లేదు.

బావమరిది


కలప డిపో
సెప్టెంబరు 9

అక్కా,

నేను. విప్పకుండా చించేస్తావేమోనని రిజిస్టరు చేసి, విత్తనాల గది చిరునామాకి పంపుతున్నాను. సంతకం పెట్టి తీసుకున్నాక చించడానికి నీకు మనసొప్పదు. చీటీలు పారేయని మనిషివి కదా.

నువ్వు అనుకున్నది నిజమే. చివరి మడి అంకెలు నేను కల్పించాను. కొండ మీది పనితో అలిసిపోయి కొన్ని నెలలు అసలు కొలవనే లేదు. కూర్చుని నోటికొచ్చినట్టు రాశాను. కమిటీ సరిగ్గానే పట్టుకుంది. ఒప్పుకోవడానికి సిగ్గుపడి, ఇన్నేళ్ళూ నాకేదో అన్యాయం జరిగినట్టు తిరిగాను. నిన్ను, బావని తలదించుకునేలా చేశాను. క్షమించు.

నా సంగతులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. నీ మరదలు పిల్లలకి లెక్కలు చెప్తుంది. నాకొక కూతురుంది, పద్దెనిమిదేళ్ళు. కోపం వస్తే నీలాగే గిన్నెలు గట్టిగా పెడుతుంది. నీ గురించి అడిగినప్పుడల్లా మాట మార్చేస్తూ వచ్చాను. ఇక మార్చాల్సిన పని లేకపోతే బాగుండునని ఉంది.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ తమ్ముడు


విత్తనాల గది
సెప్టెంబరు 30

తమ్ముడూ,

నీ ఉత్తరం సంతకం పెట్టి తీసుకున్నాను. నిలబడి ఒకసారి, కూర్చుని రెండుసార్లు చదివాను. ఎందుకురా ఇన్ని అబద్ధాలు? నువ్వు కొలవకుండా రాశావా? అన్నం కలుపుకుంటూ కూడా పక్కన నోటుబుక్కు పెట్టుకునేవాడివి. నాకు చెప్తున్నావా?

పందిరి తీసింది నేను. నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు.

కమిటీ వచ్చిన రోజు సాయంత్రం మీ బావ ఇంటికొచ్చి, "చివరి మడి మొక్కలు లావెక్కాయని రాసినందుకు మీ తమ్ముణ్ణి దోషిని చేస్తున్నారు" అన్నాడు. అప్పటికప్పుడే మొత్తం చెప్పేశాను. నన్ను కమిటీ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను, చీర కూడా మార్చుకుని నిలబడ్డాను. తను వెళ్ళొచ్చి అన్నాడు, "అంతా చెప్పేశాను. వాళ్ళు నమ్మలేదు. మీ తమ్ముడికీ చెప్పాను. నా బతుకు పాడు చేసిన మనిషి మొహం చూడనన్నాడు" అని. మర్నాడు నీ గదికి వస్తే తాళం వేసి ఉంది. నువ్వు నాకు చెప్పకుండా వెళ్ళిపోయావు. మరి నేను నమ్మనా? నమ్మాను.

నీ ఉత్తరాలు నా చేతికి ఎప్పుడూ రాలేదు. మా క్వార్టర్ల టపా అంతా ఆఫీసుకి వస్తుంది, అక్కడి నుంచి మీ బావ తెస్తాడు. నీ పేరెత్తితే నేను లేచి వెళ్ళిపోతానని రాశాడా? అది నిజమే. ఏడుపొస్తుందని వెళ్ళేదాన్ని.

నీ ఉత్తరం తీసుకెళ్ళి తనకి గట్టిగా చదివి వినిపించాను. అప్పుడు చెప్పాడు. నన్ను కాపాడడానికి కాదట. ఆ రోజుల్లో మధ్యాహ్నం తను వెళ్ళి ప్రతి పందిరీ చూసి, "మూసి ఉంది, సరిచూశాను" అని రిజిస్టర్లో సంతకం పెట్టాలి. రెండేళ్ళలో ఒక్క మధ్యాహ్నం కూడా వెళ్ళలేదు. అన్నం తిని పడుకునేవాడు, లేచాక ఆఫీసులో కూర్చుని వారానికి సరిపడా సంతకాలు పెట్టేసేవాడు. వెళ్ళి ఉంటే నేను రెండోరోజే దొరికిపోయేదాన్ని. లేని లెక్కలు రాసింది తను, పేరు పోయింది నీది. నువ్వూ నేనూ ఒక్కసారి ఎదురుపడితే రెండు మాటల్లో అంతా బయటపడుతుంది. అందుకని నీ కోపం నాకు, నా కోపం నీకు మోస్తూ ఇన్నేళ్ళు గడిపాడు. నేను వడ్డించిన అన్నం తింటూనే.

ఏడుస్తున్నాడు. ఏడవనీ. నాకు ఇప్పుడు తన మీద జాలిపడే తీరిక లేదు.

మర్నాడే డైరెక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చివరి వరసలో చెట్టు కోయించి, బిళ్ళ తీసుకుని వెళ్ళాను. మొదటి వలయం వెంట్రుకంత, తర్వాత రెండూ గోరంత. ఆవిడ చూసింది, చాలాసేపు చూసింది. నీ అర్జీ వెనక్కి తీసుకుంటున్నావని ఉత్తరం వచ్చాక ఇక ఆగడమెందుకని, నాలుగు రోజుల ముందే పుస్తకం అచ్చుకి పంపేశారట. ఫోన్ చేసి అడిగింది. ఆ పేజీలు అచ్చయిపోయాయి. నీ పేరు పక్కన ఆ మాట అలాగే ఉంటుంది. నా వాంగ్మూలం ఫైల్లో పెట్టుకుంటాం, మళ్ళీ వేసేటప్పుడు సరిచేస్తాం అంది. మళ్ళీ యాభై ఏళ్ళకా అని అడిగాను. పాపం, తనదేం తప్పు.

నా కోసం నువ్వు వదులుకున్నావు. నేను అడగలేదు, నాకు అక్కర్లేదు. నన్ను అడిగి ఉంటే నీతో కలిసి వెళ్ళి నేనే చెప్పేదాన్ని కదరా. ఇద్దరమూ ఒకళ్ళ మీద ఒకళ్ళు ప్రేమతోనే ఇంత పని చేసుకున్నాం. నేను నీ మొక్కలకి, నువ్వు నాకు. ఎవరూ ఒక్క మాట అడగలేదు.

నీకు కూతురుందని నాకు తెలియదు. ఏం పేరు పెట్టారో కూడా రాయలేదు నువ్వు. పద్దెనిమిదేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు చూడలేదు, నడిచినప్పుడు చూడలేదు.

నువ్వు వెళ్ళిన ఏడాది నీకు మూడు ఉత్తరాలు రాశాను. నీ చిరునామా తన దగ్గరే ఉందని, మూడూ పోస్టు చేయమని తన చేతికే ఇచ్చాను. నీకు అందలేదని ఇప్పుడు తెలిసింది. వాటిలో పెద్దగా ఏమీ లేదు. మూడింట్లోనూ ఒకటే రాశాను, "పందిరి తీసింది నేనే, నీ మొక్కలు చచ్చిపోతున్నాయని భయపడి తీశాను, నన్ను తిట్టడానికైనా రా" అని.

ఇది నాలుగోది. నేనే వెళ్ళి డబ్బాలో వేస్తున్నాను.

నీ అక్క